అవెర్నస్ దొరసాని జారియెల్

కల్పిత లోకాల్లో దుర్మార్గులకు కొదవ లేదు. వాళ్ళు దుర్మార్గులు ఎందుకయ్యారని అడిగితే మాత్రం చాలా కథలు నీళ్ళు నములుతాయి. పుట్టుకే అలాంటిదని ఒక కథ సరిపెడుతుంది, ఎవరో శపించారని మరొకటి చెబుతుంది, చిన్నతనంలో పడ్డ దెబ్బలే కారణమని ఇంకొకటి. ఇవాళ నేను మాట్లాడబోయే పాత్రకు ఈ మూడు సాకుల్లో ఒక్కటీ లేదు. ఆమె పేరు జారియెల్. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో నరకానికి తొమ్మిది అంతస్తులున్నాయి. వాటిలో మొదటిదైన అవెర్నస్‌ను ఏలే దొరసాని ఆమె. ఒకప్పుడు దేవదూత. చెడును చూసి ఓర్వలేక, దాన్ని ఎలాగైనా తుదముట్టించాలన్న పంతంతో నరకంలోకి దూసుకెళ్ళి, చివరికి ఆ నరకానికే సేనాధిపతి అయింది. మంచితనం ఏ మలుపులో చెడుగా మారుతుందో ఇంత సూటిగా చూపించిన పాత్రలు ఈ ఆటల సాహిత్యంలో చాలా తక్కువని నా అభిప్రాయం. ఆమె మీద తీర్పు చెప్పే పనిని రచయితలు తమ దగ్గర ఉంచుకోకుండా ఆడేవాళ్ళ చేతిలో పెట్టారు. ఆ పాత్ర గొప్పతనంలో సగం అందులోనే ఉందంటాను. ఈ మాటలకు ఆధారాలేమిటో, వీటికి వచ్చే అభ్యంతరాలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ ఆట తెలియని శ్రోతల కోసం ముందు నాలుగు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించిన ఈ ఆట 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఆ పాత్ర బలాబలాలన్నీ ఒక కాగితం మీద అంకెలుగా ఉంటాయి. ఎదురుగా తలుపుంది, ఏం చేస్తారని కథ నడిపే మనిషి అడుగుతాడు. తన్ని తెరుస్తానని ఒకరంటారు, చెవి ఆనించి వింటానని ఇంకొకరంటారు. పని నెరవేరుతుందో లేదో అనుమానమున్న చోట ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. చదరంగంలోలాగా ఇక్కడ ఒకరి గెలుపు మరొకరి ఓటమి కాదు. అందరూ కలిసి ఒక కథను అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. హైదరాబాద్‌లోనూ, అమెరికాలోని తెలుగు ఇళ్ళలోనూ ఇప్పుడు ఈ ఆట ఆడే యువతరం ఉంది. పురాణ కాలక్షేపం విన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఈ పద్ధతి అంత కొత్తగా ఉండదు. పురాణం విని తల ఊపడం వేరు, హిరణ్యకశిపుడి ఎదుట నిలబడి నువ్వేమంటావని నిన్నే అడిగితే జవాబు చెప్పడం వేరు. ఈ ఆట రెండోది చేయిస్తుంది.

ఆ ఆటలోని నరకం చాలా చోట్ల నుంచి ఏరి కూర్చినది. అవెర్నస్ అన్న పేరు ఇటలీలో నేపుల్స్ దగ్గరున్న ఒక సరస్సుది. పాతాళానికి దారి అక్కడే ఉందని రోమన్లు నమ్మేవారు, వర్జిల్ తన కావ్యంలో ఆ దారినే వాడుకున్నాడు. డిస్ అనే నగరం, మాల్‌బోల్జ్ అనే అంతస్తు డాంటే నరకం నుంచి వచ్చాయి. స్టిక్స్ నది గ్రీకులది. ఈ అరువు సరుకంతటికీ ఆట రచయితలు తమదైన ఒక నియమం జోడించారు. ఇక్కడ చెడు రెండు తెగలుగా చీలి ఉంటుంది. డీమన్లు అనేవి కట్టుబాటు ఎరగని విధ్వంస శక్తులు, దొరికినదాన్ని దొరికినట్టు నాశనం చేయడమే వాటి పని. డెవిల్స్ అలా కాదు. వాళ్ళకు చట్టముంది, దర్బారుంది, పదవుల నిచ్చెన ఉంది. రాతకోతలు లేనిదే ఏ పనీ చేయరు. మాట తప్పరు, అయితే ఆ మాటలో నిన్ను బిగించే ముడి ఎక్కడుందో ముందుగా చెప్పరు. అట్టడుగున నెస్సస్‌లో కూర్చుని ఈ వ్యవస్థనంతా నడిపే ప్రభువు ఆస్మోడియస్. ఈ రెండు తెగల మధ్య యుగాల తరబడి సాగుతున్న పోరుకు బ్లడ్ వార్ అని పేరు. స్టిక్స్ నది వెంబడి డీమన్లు దండెత్తి వచ్చేది మొదటి అంతస్తు మీదికే. కాబట్టి అవెర్నస్‌ను ఏలడమంటే సింహాసనం మీద సుఖంగా కూర్చోవడం కాదు, ఎప్పటికీ ముగియని యుద్ధంలో ముందు వరసన నిలబడటం.

జారియెల్ ప్రత్యేకత తెలియాలంటే ఆమెకు ముందు ఆ నరకంలోని ఆడవాళ్ళు ఎలా ఉండేవాళ్ళో చూడాలి. 1977లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్ అనే ఆట పుస్తకంలో ఆస్మోడియస్ లాంటి ప్రభువులంతా మగవాళ్ళే. స్త్రీ రూపంలో కనిపించే ఎరినీస్ లాంటివాటికి ముఖ్యమైన పని మనుషుల్ని మోహపెట్టి పడగొట్టడం. 1983లో రెండో మాన్యువల్‌లో గ్లేసియా అనే రాకుమారి వచ్చింది. ఆస్మోడియస్ కూతురు, మామన్ అనే ప్రభువు ప్రియురాలు, ఇదీ ఆమె పరిచయం. తర్వాతి రోజుల్లో ఆమెకు మాల్‌బోల్జ్ మీద ఏలుబడి దక్కింది. అదీ తండ్రి చలవే. ఆ అంతస్తును అంతకుముందు ఏలిన హాగ్ కౌంటెస్ అనే మంత్రగత్తె ఒళ్ళు ఊరి, ఉబ్బి, పగిలి, ఆ నేలంతా పరుచుకుపోయిందని 2006లో వెలువడిన నరక గ్రంథం చెబుతుంది. ఆమె పుర్రెనే గ్లేసియా కోటగా చేసుకుంది. ఊహగా చూస్తే అది అద్భుతం, ఒళ్ళు జలదరిస్తుంది. గ్లేసియా తక్కువ పాత్ర అని నేననను. చట్టం అక్షరాన్ని పట్టుకుని దాని ప్రాణం తీయగల తెలివి ఆమెది. కానీ ఆమె చెడు వారసత్వంగా వచ్చిన ఆస్తి. నాలుగో అంతస్తు ఏలిక ఫియర్నా కూడా తండ్రి బీలియల్‌తో కలిపి తప్ప విడిగా కనబడదు. కూతురిగానో ప్రియురాలిగానో ఏదో ఒక మగ ప్రభువు పక్కన నిలబడి దొరసానులైనవాళ్ళే వీళ్ళంతా. జారియెల్ పేరు కూడా పాత పుస్తకాల్లో ఉంది, కానీ బెల్ అనే సేనాని కూలదోసిన పాత ఏలికగా, దాదాపు ఒక ప్రస్తావనగా మాత్రమే. ఆమెకు నిండు జీవితం ఇచ్చింది 2018లో వచ్చిన మోర్డెన్‌కైనెన్స్ టోమ్ ఆఫ్ ఫోస్, ఆ మరుసటి ఏడు వచ్చిన డిసెంట్ ఇంటూ అవెర్నస్ అనే సాహసగాథ.

ఆ కథ ఇది. జారియెల్ సెలెస్టియా పర్వతపు దేవదూత. బ్లడ్ వార్‌ను గమనిస్తూ ఉండటం ఆమెకు అప్పగించిన పని. గమనించడమే, జోక్యం లేదు. ఆ ఊచకోతను అలా చూసీ చూసీ, మనం కూడా దిగి ఈ రెండు తెగల్నీ అంతం చేద్దామని పైవాళ్ళను అడిగింది. వద్దన్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నారు. చివరికి ఆజ్ఞ మీరి భూలోకానికి వచ్చి, ఎల్టురెల్ నగరంలో గుర్రపు దళాన్ని తయారుచేసుకుంది. వాళ్ళే తర్వాత హెల్‌రైడర్లుగా ప్రసిద్ధులయ్యారు. ఆ సేనతో మాయాద్వారం గుండా అవెర్నస్‌లోకి దూకింది. లోపల ఎదురైన బలగం ఆమె ఊహకు అందనిది. నరకపు రూపం చూడగానే సేనలో ఒక భాగం గుండె చెదిరి వెనక్కి పారిపోయింది. పోతూ పోతూ ఆ ద్వారాన్ని మూసేసింది. లోపల మిగిలినవాళ్ళకు ఇక తిరుగుదారి లేదు. ఎల్టురెల్ చేరినవాళ్ళు తమ పిరికితనాన్ని దాచి వీరగాథ చెప్పుకున్నారు. జారియెల్ ఓడిపోయింది. ఓడిన ఆమె ముందుకు ఆస్మోడియస్ వచ్చి ఒక మాట అన్నాడు. నీకు యుద్ధమే కదా కావాలి, ఇదిగో సైన్యం, ఇదిగో సరిహద్దు, డీమన్లను నరుకు. ఆమె ఒప్పుకుంది. తెల్లని రెక్కలు కాలిపోయాయి.

ఇందులో ఆమె ఎక్కడ చెడింది? చాలామంది చివరి ఘట్టాన్ని, ఆస్మోడియస్‌కు తల ఊపిన క్షణాన్ని చూపిస్తారు. నాకు అది ఫలితంగానే కనిపిస్తుంది. అసలు బీజం ఇంకా ముందే పడింది. బాధ పడుతున్నవాళ్ళను చూసి కలిగిన జాలి మెల్లమెల్లగా, బాధపెడుతున్నవాళ్ళ మీది ద్వేషంగా మారిన చోట పడింది. జాలి ఉన్నంతకాలం కళ్ళు బాధితుల మీద ఉంటాయి. ద్వేషం వచ్చాక శత్రువు మీదే ఉంటాయి, బాధితులు సాకుగా మిగులుతారు. ఎల్టురెల్ యువకుల్ని నరకంలోకి తీసుకెళ్ళే నాటికే వాళ్ళ ప్రాణాలు ఆమెకు ఆయుధాలు. పారిపోయినవాళ్ళను క్షమించలేకపోవడమే దానికి రుజువు. నరకాన్ని చూసి మనిషి భయపడటం ద్రోహమని ఆమె తీర్మానించింది. ఆమె దళపతుల్లో ఒలాంథియస్ అనేవాడు డెవిల్స్ కొలువులో చేరలేక తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆమె అతడిని ఆ చావులో కూడా వదల్లేదు. శవాన్ని లేపి మృత్యువీరుడిగా మార్చి తన సేనలో నిలబెట్టుకుంది. కాదనే హక్కు ఒక మనిషికి చావుతో కూడా దక్కకపోవడం కన్నా దారుణం ఏముంటుంది! ఆస్మోడియస్ ఆమెతో అబద్ధమాడలేదన్నది కూడా గమనించాలి. ఆమె కోరినదాన్నే ఆమెకిచ్చాడు. మోసపోయి చెడినవాళ్ళ మీద మనకు సానుభూతి సులువుగా వస్తుంది. కోరుకున్నది దొరికి చెడిన మనిషిని అర్థం చేసుకోవడానికి కొంచెం కష్టపడాలి.

తెలుగు శ్రోతలకు ఇక్కడ జయవిజయులు గుర్తుకు రావడం సహజం. వైకుంఠ ద్వారపాలకులు మునుల శాపం వల్ల కిందికి జారి హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టారు. పై లోకం నుంచి పడినవాళ్ళే భయంకరమైన రాక్షసులు కావడమన్న ఆలోచన మనకు చిన్ననాటి నుంచి తెలుసు. పోలిక అంతవరకే. జయవిజయుల పతనానికి గడువుంది, మూడు జన్మలు గడిస్తే తిరిగి వస్తామన్న హామీ ఉంది. హరి చేతిలో చావడమే వాళ్ళకు విడుదల. జారియెల్‌కు గడువూ లేదు, హామీ ఇచ్చినవాడూ లేడు. ఎవరూ శపించలేదు కాబట్టి శాపవిమోచనమన్న మాటే రాదు. తానే నడిచి వెళ్ళిన దారిని తానే తిరిగి నడవాలి. పురాణం విధి మీద మోపిన భారాన్ని ఈ కథ పూర్తిగా సంకల్పం మీద మోపింది. అందుకే ఆమె విషయంలో ఇంకా ఏమైనా జరగవచ్చన్న అవకాశం ఆఖరిదాకా మిగిలి ఉంటుంది.

ఆమె చేసిన పాపాలను రచయితలు మెత్తగా చూపలేదు. ఎల్టురెల్‌నే తీసుకోండి. ఆ నగరాన్ని ఒక రక్తపిశాచి పాలిస్తున్న కాలంలో ఆకాశంలో రెండో సూర్యుడి లాంటి గోళం వెలిసింది. దాని వెలుగుకు పిశాచాలు కాలిపోయాయి. జనం దాన్ని కంపానియన్ అని పిలుచుకుని మొక్కారు. అది తెచ్చాడని థావియస్ క్రీగ్ అనే మతాధికారిని పాలకుణ్ణి చేసుకున్నారు. ఆ గోళం జారియెల్‌తో క్రీగ్ చేసుకున్న ఒప్పందం ఫలమన్న సంగతి వాళ్ళెవరికీ తెలియదు. యాభై ఏళ్ళ గడువు తీరగానే నగరం ఆమె సొంతమవుతుంది. గడువు తీరింది. ఇళ్ళు, గుళ్ళు, పిల్లాపాపలతో సహా ఎల్టురెల్ నేల నుంచి పెళ్ళగిలి అవెర్నస్ ఆకాశంలో గొలుసులకు వేలాడుతూ స్టిక్స్ నది వైపు దిగజారుతుంది. జారియెల్ సేన పుట్టిన ఊరు అదే. పారిపోయినవాళ్ళ మీది పగను ఆమె వాళ్ళ తర్వాతి తరాల మీద తీర్చుకుంటోంది. 2023లో లారియన్ స్టూడియోస్ విడుదల చేసిన బల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆటలో కార్లాక్ అనే యువతి ఉంది. నమ్మిన యజమాని ఆమెను జారియెల్‌కు అమ్మేశాడు. గుండె తీసేసి, దాని స్థానంలో నరకపు ఇంజను బిగించి, పదేళ్ళు యుద్ధం చేయించారు. తప్పించుకుని వచ్చిన కార్లాక్ ఒళ్ళు ఎంత వేడిగా ఉంటుందంటే, ఎవరైనా ఆమెను తాకితే కాలిపోతారు. పదేళ్ళుగా ఒక్క మనిషి స్పర్శ కూడా ఎరగని ఆ పిల్ల, కమ్మరి ఇంజనును బాగుచేసి ఇక పర్వాలేదన్నాక, ఎదురుగా ఉన్నవాళ్ళ చేయి పట్టుకోవడానికి పడే ఆత్రం చూడాలి. జారియెల్ యుద్ధం ఎవరి ఒంట్లో నుంచి ఏం తీసుకుందో ఆ ఒక్క సన్నివేశం చెబుతుంది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా పాతది, ఇలాంటి పాత్రలు పిల్లల మనసుల్ని పాడుచేస్తాయన్నది. 1980ల అమెరికాలో ఇది పెద్ద భయంగా మారింది. కొడుకును పోగొట్టుకున్న ప్యాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి 1983లో ఈ ఆటకు వ్యతిరేకంగా ఒక సంస్థనే స్థాపించింది. ఆమె శోకం నిజం, దాన్ని ఎవరూ చులకన చేయకూడదు. కానీ ఆ చావుకు ఆటే కారణమన్న వాదన నిలబడలేదు. 1990లో మైకేల్ స్టాక్‌పోల్ అనే రచయిత ఆమె ఆరోపణల్ని ఒక్కొక్కటిగా పరిశీలించి వాటిలోని లొసుగుల్ని బయటపెట్టాడు. ప్రచురణకర్తలు మాత్రం జంకారు. 1989లో వచ్చిన రెండో కూర్పులో డెవిల్, డీమన్ అన్న మాటల్ని తీసేశారు. రెండేళ్ళ తర్వాత అవే జీవుల్ని బాటేజు, టనారి అనే కల్పిత పేర్లతో తిరిగి తెచ్చారు. 2000లో మూడో కూర్పు వచ్చేదాకా పాత పేర్లు పూర్తిగా తిరిగి రాలేదు. పేరు మారిస్తే చెడు తగ్గుతుందనుకోవడం పొరపాటని ఆ చరిత్ర చెబుతోంది. చెడును కథల్లో నుంచి తీసేస్తే పిల్లలకు భద్రత రాదు. అది మొదట మంచిమాటలతోనే వస్తుందని, ఇది మీ మేలు కోసమే అంటుందని గుర్తించే అభ్యాసం పోతుంది. ఎల్టురెల్ జనం మొక్కిన రెండో సూర్యుడి కథ ఆ అభ్యాసం ఇస్తుంది.

రెండో అభ్యంతరం ఆట ఆడేవాళ్ళ నుంచే వస్తుంది. ఎన్ని కబుర్లు చెప్పినా చివరికి ఆమె పుస్తకంలో ఒక అంకెల పట్టికే కదా, బలం పెంచుకుని వెళ్ళి చంపడమే కదా పని అంటారు. ఆ అంకెల్నే చూద్దాం. జారియెల్ సవాలు స్థాయి 26, ప్రాణబలం 580. డిసెంట్ ఇంటూ అవెర్నస్ ఆటగాళ్ళను మొదటి స్థాయి నుంచి సుమారు పదమూడో స్థాయి దాకా మాత్రమే తీసుకెళుతుంది. ఆ స్థాయిలో ఉన్న నలుగురైదుగురు ఆమెతో ముఖాముఖి తలపడితే నిలబడటం దాదాపు అసాధ్యం. రచయితలకు ఈ లెక్క తెలియక కాదు. కత్తితో తేలే వ్యవహారం కాదని అంకెలతోనే చెప్పారు. ఆటగాళ్ళు ఆమెతో మాట్లాడాలి, బేరమాడాలి, లేదా ఆమెను ఆమెకు గుర్తుచేయాలి. నియమాల పుస్తకమే నీతిని ఇలా మోసుకొస్తుంటే, అంకెలున్నాయి కాబట్టి అర్థం లేదనడం ఎలా కుదురుతుంది?

మూడో అభ్యంతరం బరువైనది, దానికి కొంచెం ఎక్కువసేపు ఆగాలి. జారియెల్ చేసేది తప్పెలా అవుతుందని కొందరు అడుగుతారు. డీమన్లు అవెర్నస్ దాటితే లోకాలన్నీ పాడవుతాయి, ఎవరో ఒకరు ఆ సరిహద్దున నిలబడాలి, దేవతలు నిలబడలేదు, ఆమె నిలబడింది. ఈ వాదనను తోసిపుచ్చడం తేలిక కాదు, తేలికగా తోసిపుచ్చేవాళ్ళకు ఆ పాత్ర అర్థం కాలేదనుకుంటాను. పైవాళ్ళ మౌనంలో తప్పు లేదని నేను కూడా అనలేను. గమనిస్తూ ఉండమని చెప్పి, గమనించినదాన్ని వినకపోవడం పెద్దల పెద్దరికం కాదు. కానీ ఆమె యుద్ధం దేంతో నడుస్తుందో చూడండి. అవెర్నస్ మైదానాల్లో తిరిగే యుద్ధశకటాలు ఆత్మల్ని కాల్చుకుని పరుగెత్తుతాయి. సోల్ కాయిన్ అని ఒక ఇనుప నాణెం ఉంటుంది. అందులో ఒక మనిషి ఆత్మ బందీగా ఉంటుంది, దాన్ని పట్టుకున్నవాళ్ళు లోపలి మనిషితో మాట్లాడవచ్చు. ఆ నాణేన్ని శకటం కొలిమిలో వేస్తే ఇంజను మొదలవుతుంది, లోపలి ఆత్మ అరుస్తూ అరుస్తూ మళ్ళీ పుట్టుక అంటూ లేకుండా పోతుంది. ఎడారి మధ్యలో ఇంధనం అయిపోయి, వెనక శత్రువులు తరుముతున్నప్పుడు, జేబులో నాణెం ఉన్న ఆటగాడు ఏం చేయాలి? బల్ల చుట్టూ ఉన్న స్నేహితులు ఈ ప్రశ్న దగ్గర నిజంగా కీచులాడుకుంటారు. ఒక్కటే కదా, ఇది దుర్మార్గుడి ఆత్మే కావచ్చు కదా, నగరంలో వేలమంది ఉన్నారు కదా అన్న మాటలు వాళ్ళ నోటి నుంచే వస్తాయి. జారియెల్ మొదటి రోజు అన్న మాటలు కూడా ఇంచుమించు ఇవే అయి ఉంటాయి. లోకాల్ని కాపాడటానికని మొదలైన పోరు ఆ లోకాల మనుషుల్నే కట్టెల్లా వాడుకుంటోంది. పోరు గెలిచినా కాపాడటానికి మిగిలేది ఏమిటన్న లెక్క ఆమె ఎప్పుడో వేయడం మానేసింది. సరిహద్దున నిలబడటం తప్పు కాదు, నిలబడుతున్నానన్న ఒక్క కారణంతో తనకు అన్నీ చెల్లుతాయనుకోవడం తప్పు.

నాలుగో అభ్యంతరంలో చాలా న్యాయముంది. ఈ సాహసగాథలో జారియెల్‌ను మార్చే దారి ఒకటుంది. నరకంలో ఓడిన రోజున ఆమె ఖడ్గం చేజారింది. అందులో ఆమె పాత మంచితనపు రవ్వ ఒకటి నిలిచిపోయింది. యేల్ అనే ఆమె అనుచరి, లులు అనే చిన్న రెక్కల ఏనుగు దాన్ని కాపాడి దాచారు. ఖడ్గం చుట్టూ ఒక తెల్లని దుర్గం మొలిచింది. నరకపు నేల ఓర్చుకోలేక పుండు మీది పక్కులా దాన్ని కప్పేసింది. స్టిక్స్ వల్ల జ్ఞాపకాలు పోగొట్టుకున్న లులు వెంట తిరిగి, ఆమె కలల్లోని ఆనవాళ్ళు పట్టుకుని, ఆటగాళ్ళు ఆ ఖడ్గాన్ని వెతికి తీస్తారు. దాన్ని జారియెల్‌కు అందించి ఒప్పించగలిగితే, అది పట్టుకున్న క్షణంలో ఆమె మళ్ళీ దేవదూత అవుతుంది, ఎల్టురెల్ తన చోటికి తిరిగి వెళుతుంది. ఇంత చేసిన మనిషికి ఇంత సులువైన విముక్తా అని విమర్శకులు అడుగుతారు. కాలిపోయిన ఆత్మల మాటేమిటి, ఒలాంథియస్ మాటేమిటి? అందగత్తె కాబట్టి, ఒకప్పటి దేవకన్య కాబట్టి క్షమ దొరికింది, వికారంగా ఉన్న డెవిల్‌కు ఎవరూ ఖడ్గం వెతికి ఇవ్వరన్న మాట కూడా ఉంది.

పుస్తకంలో ఈ లోపం ఉందని ఒప్పుకోవాలి. పశ్చాత్తాపానికి కేటాయించిన చోటు తక్కువ, మెరుపుకు కేటాయించిన చోటు ఎక్కువ. అయినా ఆ ఘట్టం బోలు కాదు, ఎందుకో చెబుతాను. ఖడ్గం అందించేవాళ్ళు ఆమెను బలవంతంగా మార్చలేరు, అందుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయమే. ఆ ఖడ్గం పట్టుకోవడమంటే ఇన్నేళ్ళూ తాను చేసినదంతా తప్పని ఒప్పుకోవడం. సైన్యం, పదవి, ఇంత కాలపు పగ, వీటన్నిటినీ ఒక్క క్షణంలో వ్యర్థమని అంగీకరించడం ఏ సేనానికీ సులువు కాదు. ఆమెతో మాట్లాడే ఆటగాడు పాచిక వేసే ముందు తన నోటితో కొన్ని మాటలు అనాలి. నువ్వు మంచిదానివి అంటే చాలదు. పారిపోయినవాళ్ళ గురించి ఏమంటాడు, తలుపు మూసిన చేతుల గురించి ఏమంటాడు? అక్కడ ఎల్టురెల్ తరఫున క్షమాపణ చెప్పిన బృందానికీ, ఆమెనే దోషిగా నిలబెట్టిన బృందానికీ రెండు వేరు వేరు కథలు వస్తాయి. ఒకే పుస్తకం నుంచి ఇన్ని తీర్పులు రావడం నవలకు గానీ సినిమాకు గానీ సాధ్యం కాదు.

కాబట్టి ఈ కథను నడిపే డంజన్ మాస్టర్లకు నేను చెప్పేది ఒకటే. ఆమె ఖడ్గం అందుకోవడంతో ఆట ముగించకండి. రెక్కలు తెల్లబడ్డ తర్వాతి రోజును కూడా ఆడించండి. ఒలాంథియస్ ఎదుటికి వెళ్ళి ఆమె ఏమంటుందో వినిపించండి. ఎల్టురెల్ వీధుల్లో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ముందు ఆమెను నిలబెట్టండి, ఆ తల్లికి క్షమించనని చెప్పే హక్కు ఇవ్వండి. అవెర్నస్‌లో సేనాపతి కుర్చీ ఖాళీ అయింది, స్టిక్స్ నది మీదుగా డీమన్లు వస్తూనే ఉన్నాయి. ఆత్మల్ని కాల్చకుండా ఆ సరిహద్దును కాచేది ఎవరు, ఎలా కాస్తారన్న ప్రశ్నను బల్ల చుట్టూ ఉన్న నలుగురి ముందూ పెట్టండి. దేవతలు ఆమెకు చెప్పలేకపోయిన జవాబు అది.